తొమ్మిది రోజుల రాణి జేన్ గ్రే: సిరీస్‌లో బతికింది, నిజంగా ఏమైంది?

మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. ప్రైమ్‌లో 2024లో వచ్చిన ‘మై లేడీ జేన్’ సిరీస్ చూశారు. అందులో జేన్ ప్రాణాలతో బయటపడుతుంది. తర్వాత నెట్‌లో వెతికితే పదహారు పదిహేడేళ్లకే తల నరికేశారని కనిపించింది. ఇంగ్లండ్ పాలకుల జాబితాల్లో కొన్నిట్లో ఆమె పేరుంది, కొన్నిట్లో లేదు. అసలు ఆమె రాణేనా, తొమ్మిది రోజులకే ఎందుకు దిగిపోయింది, ఆ మాత్రానికి చంపేయాలా, ఆమె తర్వాత గద్దెనెక్కిన మేరీ అంత క్రూరురాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా లండన్‌లో గైడ్ పని చేస్తున్నాను. టవర్ ఆఫ్ లండన్ అనే పాత కోటకు మనవాళ్లను తీసుకెళ్లడం నాకు రోజువారీ పని. మనవాళ్లు అక్కడికి వచ్చేది కోహినూర్ కోసం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని మనం చెప్పుకునే వజ్రం కదా, దాన్ని చూడకుండా ఎవరూ వెనక్కి వెళ్లరు. ఆ నగల భవనం బయట క్యూ కట్టే చోటికి కొద్ది అడుగుల్లోనే టవర్ గ్రీన్ అనే పచ్చిక ఉంది. జేన్‌ను చంపింది ఆ ఆవరణలోనే. క్యూలో నిలబడి విసుగొచ్చినప్పుడు మీరు అడిగిన ప్రశ్నలే అందరూ అడుగుతారు.

సూటిగా జవాబు: రాణే, కానీ కిరీటధారణ జరగని రాణి. 1553 జులై 10న ఆమెను రాణిగా ప్రకటించారు, 19న అదే రాజసభ ఆమెను వదిలేసి మేరీని రాణిగా ప్రకటించింది. ఆమె ప్రాణం తీసింది మాత్రం ఆ తొమ్మిది రోజులు కాదు. మరణశిక్ష పడ్డాక కూడా మేరీ దాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టింది. కన్నతండ్రి రెండోసారి తిరుగుబాటులో చేరాకే, 1554 ఫిబ్రవరి 12న ఆమె తల తెగింది. అందరూ తొమ్మిది రోజుల కథే చెప్తారు. నన్నడిగితే అసలు కథ ఆ తర్వాతి ఏడు నెలలది.

ముందు చుట్టరికాలు తేల్చుకుందాం, లేకపోతే ఏదీ అర్థం కాదు. ఎనిమిదో హెన్రీకి మేరీ, ఎలిజబెత్, ఎడ్వర్డ్ ముగ్గురూ వేర్వేరు భార్యలకు పుట్టినవాళ్లు. హెన్రీ చెల్లెలి పేరు కూడా మేరీయే. ఆ చెల్లెలి కూతురు ఫ్రాన్సెస్, ఫ్రాన్సెస్ పెద్దకూతురు మన జేన్. అంటే జేన్ హెన్రీకి చెల్లెలి మనవరాలు, ఎడ్వర్డ్‌కు మేనత్త మనవరాలు. జేన్‌కు కేథరిన్, మేరీ అని ఇద్దరు చెల్లెళ్లు. (ఇంగ్లండ్ రాజవంశంలో పేర్లకు ఎంత కరువో చూడండి. గ్రూపులో ఎవరైనా ‘ఏ మేరీ అండీ?’ అని అడిగితే నేను తప్పు పట్టను.)

ఈ ఎడ్వర్డ్ మనకు మరీ కొత్తవాడేం కాదు. ఎన్టీఆర్ నటించిన 1954 నాటి ‘రాజు పేద’ సినిమాకు మూలం మార్క్ ట్వైన్ నవల. అందులో బిచ్చగాడితో బట్టలు మార్చుకునే యువరాజు ఈ ఎడ్వర్డే. ఆ నవలలో జేన్ గ్రే కూడా కాసేపు కనిపిస్తుంది. కథలో ఆ పిల్లాడు అన్నీ నేర్చుకుని మంచి రాజవుతాడు. నిజంలో 1547లో తొమ్మిదేళ్లకు గద్దెనెక్కి, పదిహేనేళ్లకే ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టాడు. ఇక బతకడని 1553 వేసవికి అందరికీ అర్థమైపోయింది.

అప్పటికి అమల్లో ఉన్న చట్టం ప్రకారం వరస ఇదీ: ఎడ్వర్డ్ తర్వాత మేరీ, ఆమె తర్వాత ఎలిజబెత్. హెన్రీ దాన్ని పార్లమెంటు చట్టంతోనూ, తన వీలునామాతోనూ ఖాయం చేసి పోయాడు. ఆ ఇద్దరి తర్వాతే ఫ్రాన్సెస్ సంతానం. చిక్కేమిటంటే మేరీ గట్టి కేథలిక్, ఎడ్వర్డ్ అంతే గట్టి ప్రొటెస్టెంట్. తను కట్టిందంతా అక్క వచ్చి కూలుస్తుందని అతని భయం. పైగా తండ్రి ఆ ఇద్దరు అక్కల తల్లులతో పెళ్లిళ్లు రద్దు చేసుకున్నాడు కాబట్టి, వారసత్వ వరసలో చేర్చినా, చట్టం దృష్టిలో అక్కలిద్దరూ అక్రమ సంతానమే. ఆ సాకు పట్టుకుని ఇద్దరినీ వరస నుంచి తీసేయాలనుకున్నాడు.

ఇక్కడ ఒక కాగితం గురించి చెప్పాలి. ఎడ్వర్డ్ తన వారసత్వ ప్రణాళికను స్వయంగా, తన చేతిరాతతో రాసుకున్నాడు. ఆ కాగితం ఇప్పటికీ లండన్‌లో ఇన్నర్ టెంపుల్ లైబ్రరీలో ఉంది. మొదట రాసింది ‘జేన్ కనే మగపిల్లలకు’ అని. ఎందుకంటే ఆడది రాజ్యమేలడం అతనికి ఇష్టం లేదు. కానీ దగ్గరి వారసుల్లో చూస్తే ఒక్క మగపిల్లాడు లేడు. మేరీ, ఎలిజబెత్, ఫ్రాన్సెస్, ఆమె ముగ్గురు కూతుళ్లు, స్కాట్లండ్ రాణి మేరీ, ఎటు చూసినా ఆడవాళ్లే. పుట్టబోయే మగపిల్లాడి కోసం ఎదురుచూసేంత టైమ్ ఎడ్వర్డ్‌కు లేదు. దాంతో ఆ వాక్యంలో చిన్న కొట్టివేత చేసి, పైన రెండు మాటలు ఇరికించాడు. అది కాస్తా ‘జేన్‌కు, ఆమె కనే మగపిల్లలకు’ అయింది. సిరా గీత ఒకటి, చిన్న మాటలు రెండు, అంతే. జేన్ తలరాత మారింది అక్కడే.

ఈ మార్పు వెనుక ఉన్నది ఎవరు అన్నది పెద్ద వాదన. పాత పుస్తకాలన్నీ నార్తంబర్లండ్ డ్యూక్ జాన్ డడ్లీని విలన్‌ను చేస్తాయి. కుర్రరాజు పేరు మీద పాలన నడిపింది అతనే. 1553 మే నెలలో తన కొడుకు గిల్‌ఫర్డ్‌కు జేన్‌ను చేసుకున్నాడు కూడా. అదే రోజున జేన్ చెల్లెలు కేథరిన్‌కు పెంబ్రోక్ ఎర్ల్ కొడుకుతో, గిల్‌ఫర్డ్ చెల్లెలికి ఇంకో పెద్దింటి కుర్రాడితో పెళ్లిళ్లు జరిగాయి. లాభం చూసుకోకుండా ఇన్ని సంబంధాలు కలుపుకోరు, నిజమే. కానీ ఎడ్వర్డ్‌ను చేతకాని పిల్లాడిలా చూడటం నాకు నచ్చదు. జడ్జీలు ఇది కుదరదని అభ్యంతరం చెబితే వాళ్లను గదిలోకి పిలిపించి గద్దించింది అతనే. మతం విషయంలో అతనిది నిజమైన మొండిపట్టు. ఇద్దరికీ కావలసింది ఒకటే అయింది, అందుకే పని జరిగింది.

చట్టం ఎక్కడ తేడా కొట్టింది? మైనరు రాసిన వీలునామాతో రిజిస్టరైన దస్తావేజును కొట్టేయాలని చూస్తే మన ఊళ్లో ఏమంటారో అదే అక్కడా జరిగింది. ఎడ్వర్డ్ మేజర్ కాలేదు. పార్లమెంటు చేసిన చట్టాన్ని రాజు ముద్ర వేసిన పత్రంతో మార్చలేరు, మళ్లీ పార్లమెంటే మార్చాలి. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, పార్లమెంటును సమావేశపరిచే ఏర్పాట్లు కూడా మొదలుపెట్టారు. ఈలోగా జూన్ 21న పత్రం తయారుచేసి వందమందికి పైగా పెద్దల చేత సంతకాలు చేయించారు. జులై 6న గ్రీనిచ్‌లో ఎడ్వర్డ్ చనిపోయాడు. ఇక పార్లమెంటు ఊసే లేదు.

చనిపోయిన సంగతి కొద్ది రోజులు బయటికి పొక్కనివ్వలేదు. జులై 9న సయన్ హౌస్ అనే భవనానికి జేన్‌ను రప్పించి, పెద్దలంతా ఆమె ముందు మోకరిల్లారు. ఆమె కింద పడి ఏడ్చిందని, ఈ హక్కు మేరీదని అన్నదని చెప్తారు. తర్వాత తను మేరీకి రాసిన ఉత్తరంలోని మాటలివి. ఆ ఉత్తరం మనకు ఇటాలియన్ రచనల ద్వారానే దక్కింది, పైగా రాసింది క్షమాభిక్ష కోరే ఖైదీ. కాబట్టి ప్రతి మాటనూ తూచి తీసుకోవాలి.

అదే ఉత్తరంలో నాకు బాగా నచ్చే ఘట్టం ఇంకోటి ఉంది. మర్నాడు టవర్‌కు చేరాక కోశాధికారి వించెస్టర్ మార్క్వెస్ కిరీటం పట్టుకొచ్చి, సరిపోతుందో లేదో ఒకసారి పెట్టుకుని చూడమన్నాడు. ఆమె వెనక్కి తగ్గింది. భయపడకండి, మీ ఆయనకు కూడా ఒకటి చేయిస్తాం అన్నాడతను. అక్కడ ఆ పిల్లకు చిర్రెత్తింది. గిల్‌ఫర్డ్‌ను కావాలంటే డ్యూక్‌ను చేస్తాను, రాజును చేయాలంటే పార్లమెంటు ఒప్పుకోవాలి అని తేల్చి చెప్పింది. అత్తగారికి కోపం వచ్చి, కొడుకును కోడలి పక్కన పడుకోవద్దని, తనతో ఇంటికి వచ్చేయమని అన్నది. జేన్ ఇద్దరు ఎర్ల్‌లను పంపి, భర్త తన పక్కన ఉండాల్సిందేనని ఆపించింది. రాణి అయిన మొదటి రోజు, పదహారేళ్ల పిల్ల, చుట్టూ ఉన్నదంతా మామగారి మనుషులే. ఇది కీలుబొమ్మ చేసే పనేనా, మీరే చెప్పండి.

జులై 10న వీధుల్లో దండోరా వేయిస్తే జనం పెద్దగా కేకలు వేయలేదు. గిల్బర్ట్ పాటర్ అనే తాగుడు అంగడి కుర్రాడు ‘హక్కుదారు మేరీ’ అని నోరు జారాడు. మర్నాడే చీప్‌సైడ్ వీధిలో బొండకొయ్యకు బిగించి రెండు చెవులూ కోసేశారు. జేన్ పాలనలో ఇది కూడా జరిగింది. పాపం పసిపిల్ల అనే కథల్లో ఈ కుర్రాడి చెవుల సంగతి సాధారణంగా రాదు.

తొమ్మిది రోజులకే ఎందుకు కూలింది అంటే ఒక్కటే మాట: మేరీని పట్టుకోలేకపోయారు. తమ్ముడు చావుబతుకుల్లో ఉన్నాడు రమ్మని కబురు వస్తే ఆమె లండన్ వైపు కాకుండా తూర్పున నార్‌ఫోక్‌కు గుర్రమెక్కింది. అక్కడి నుంచి సఫోక్‌లోని ఫ్రామ్లింగమ్ కోటకు చేరి జెండా ఎత్తింది. ఆ ప్రాంతం జనానికి నార్తంబర్లండ్ అంటే మంట. 1549లో అక్కడ రైతుల తిరుగుబాటును నెత్తుటిలో ముంచింది అతనే. పెద్దలకు చట్టం, మామూలు జనానికి హెన్రీ కూతురన్న అభిమానం, కొందరికి పాత కేథలిక్ మతం, అందరూ ఏదో ఒక కారణంతో మేరీ వైపు చేరారు. ఆమెను అడ్డుకోవడానికి సముద్రంలోకి పంపిన ఓడల సిబ్బంది కూడా ఆమెకే జై కొట్టారు.

నార్తంబర్లండ్ జులై 14న సైన్యంతో లండన్ దాటాడు. అతను అటు వెళ్లగానే ఇటు టవర్‌లో ఉన్న పెద్దలు లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. 19న ఒక్కొక్కరే జారుకుని పెంబ్రోక్ ఎర్ల్ ఇంట్లో చేరి, చీప్‌సైడ్‌కు వెళ్లి మేరీని రాణిగా ప్రకటించారు. ఈ పెంబ్రోక్ జేన్ తండ్రికి స్వయానా వియ్యంకుడు! టోపీ నిండా నాణేలు జనంలోకి విసిరాడట. తర్వాత కొడుకు చేత జేన్ చెల్లెలితో పెళ్లి కూడా తెగదెంపులు చేయించాడు. ఆ రాత్రి లండన్ అంతా గంటలు, భోగిమంటలు. జేన్ తండ్రే టవర్‌లోకి వచ్చి, కూతురి సింహాసనం మీద కట్టిన గుడ్డను తన చేతులతో లాగేసి, ఇక నువ్వు రాణివి కావు అని చెప్పాడని అంటారు. కేంబ్రిడ్జ్‌లో నార్తంబర్లండ్ కూడా టోపీ గాల్లోకి విసిరి మేరీకి జై అన్నాడు గానీ, తల దక్కలేదు. ఆగస్టు 22న నరికేశారు. చచ్చే ముందు కేథలిక్‌గా మారాడు.

జాబితాల గొడవకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మేరీ సర్కారు జేన్‌ను ఎప్పుడూ రాణిగా ఒప్పుకోలేదు. విచారణ పత్రాల్లో ఆమె ‘గిల్‌ఫర్డ్ డడ్లీ భార్య జేన్’ మాత్రమే. మేరీ పాలన రెండో ఏడాదిని జులై 6 నుంచి, అంటే ఎడ్వర్డ్ చనిపోయిన రోజు నుంచి లెక్కకట్టారు. ఆ లెక్కలో జేన్‌కు చోటే లేదు. ఇంకోపక్క చూస్తే రాజసభ మొత్తం ఆమె పేరు మీద ఆజ్ఞలు పంపింది, ‘జేన్ ద క్వీన్’ అని ఆమె సంతకం చేసిన కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. పాలించింది కాబట్టి లెక్కలో వేయాలని కొందరు, కిరీటధారణ, పార్లమెంటు ఆమోదం లేవు కాబట్టి వద్దని ఇంకొందరు. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ‘1553 జులై 10 నుంచి 19 వరకు, వివాదాస్పదం’ అని గుర్తుపెట్టుకుంటే చాలు. ఎడ్వర్డ్ మరణం నుంచి లెక్కపెట్టి పదమూడు రోజులని రాసే పుస్తకాలూ ఉన్నాయి, అదీ తప్పు కాదు.

ఇక ఏడు నెలల సంగతి.

రాణిగా ఉన్న టవర్‌లోనే జేన్ ఖైదీ అయింది. అప్పట్లో అది జైలే కాదు, రాజభవనం కూడా. రాజమందిరం నుంచి తీసి పార్‌ట్రిడ్జ్ అనే జైలు ఉద్యోగి ఇంట్లో పెట్టారు. కొద్దిమంది పరిచారికలు, పుస్తకాలు, తిరగడానికి తోట, ఇబ్బందేమీ లేదు. ఆగస్టు 29న ఆ ఇంట్లో ఆమెతో కలిసి భోంచేసిన ఒకతను ఆ రోజు మాటల్ని రాసిపెట్టాడు. అతని పేరు మనకు తెలియదు గానీ టవర్‌లో ఉంటూ రాసిన వృత్తాంతం అది. జేన్ బల్ల చివర కూర్చుని, మేరీ దయగల రాణి అని మెచ్చుకుంది. నార్తంబర్లండ్ మతం మార్చుకున్న సంగతి రాగానే మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది. నన్నూ నా వాళ్లనూ ఈ గతికి తెచ్చాడు, ఆ వయసులో ఇంకా బతకాలని ఆశపడి విశ్వాసం వదిలేస్తాడా అని కడిగేసింది.

నవంబర్ 13న గిల్డ్‌హాల్‌లో విచారణ. నల్ల దుస్తుల్లో, చేతిలో ప్రార్థన పుస్తకంతో నడిచి వెళ్లింది. నేరం ఒప్పుకుంది, మరణశిక్ష పడింది. అప్పటికీ మేరీకి చంపే ఉద్దేశం లేదు. స్పెయిన్ పక్షం రాయబారి రెనార్ చంపేయమని పోరుతున్నా వినలేదు. జేన్ తండ్రి సఫోక్ డ్యూక్‌నైతే భార్య ఫ్రాన్సెస్ వచ్చి బతిమాలగానే వదిలేసింది. మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను: తర్వాతి కాలంలో 280 మందికి పైగా ప్రొటెస్టెంట్లను కాల్చి చంపించిన మేరీ ఈ మేరీయే, అందులో దాపరికం లేదు. కానీ జేన్ విషయంలో ఆమె చూపిన ఓర్పు ఆ కాలానికి చాలా ఎక్కువ.

ఆ ఓర్పును చెడగొట్టింది కన్నతండ్రి. మేరీ స్పెయిన్ యువరాజు ఫిలిప్‌ను చేసుకుంటానంది. ఇంగ్లండ్ స్పెయిన్ చేతిలోకి పోతుందని భయపడి 1554 జనవరిలో థామస్ వయట్ అనే అతను కెంట్‌లో తిరుగుబాటు లేవదీశాడు. ప్రాణభిక్ష పొంది ఆరు నెలలు దాటకుండానే జేన్ తండ్రి వెళ్లి అందులో చేరాడు. లెస్టర్‌షైర్‌లో మనుషుల్ని కూడగట్టాలని చూశాడు, ఎవరూ రాలేదు, పట్టుబడ్డాడు. వయట్ మాత్రం లండన్ గుమ్మం దాకా వచ్చాడు. ఈ తిరుగుబాటులో జేన్ చేయి లేదు. అయినా ఆమె బతికున్నంతకాలం ఎవరో ఒకరు ఆమె పేరు చెప్పి జెండా ఎత్తుతారన్న మాట ఈసారి మేరీ కాదనలేకపోయింది.

చివరి ప్రయత్నంగా జాన్ ఫెకనమ్ అనే కేథలిక్ మతగురువును పంపింది. కేథలిక్‌గా మారుతుందేమోనని శిక్షను కొద్ది రోజులు వాయిదా వేశారు కూడా. ఇద్దరూ సిద్ధాంతం మీద దీటుగా వాదించుకున్నారు. ఆమె ఒక్క మెట్టు దిగలేదు. కానీ మనిషిగా అతను నచ్చినట్టున్నాడు, వధ్యవేదిక దాకా తోడు రానిచ్చింది. జేన్‌ను అర్థం చేసుకోవాలంటే పట్టుకోవాల్సింది ఈ మొండితనాన్నే. తన పాత మతగురువు కేథలిక్‌గా మారాడని తెలిసి రాసిన ఉత్తరంలో అతన్ని సాతాను పిల్లవని తిట్టింది. నేడు మనకు కాస్త కరుగ్గా అనిపించే మనిషి ఆమె. మెత్తని పువ్వు అసలే కాదు.

ఫిబ్రవరి 12 ఉదయం ముందు గిల్‌ఫర్డ్‌ను టవర్ హిల్ మీద, జనం ముందు నరికారు. తల వేరైన అతని శరీరాన్ని బండిలో తిరిగి తేవడం ఆమె చూసింది. అతను చివరిసారి కలవాలని అడిగితే, త్వరలో పైన కలుస్తాం కదా అని ఆమె వద్దన్నదని ఇటాలియన్ కథనాలు చెప్తాయి. తర్వాత ఆమెను టవర్ లోపలే, పచ్చిక మీద కట్టిన వేదిక దగ్గరికి తీసుకొచ్చారు. నల్ల బట్టలు. బైబిల్లోని 51వ కీర్తన మొత్తం ఇంగ్లిష్‌లో చదివింది. గొంతు చుట్టూ ఉన్నవి తనే తీసేసుకుంది, తలారి సాయం చేయబోతే వద్దంది. కళ్లకు గంతలు తనే కట్టుకుంది. అప్పుడు చేతులు చాచి వెతుక్కుంటే తల పెట్టాల్సిన మొద్దు అందలేదు. ‘ఏం చేయను? ఎక్కడుంది?’ అంది. పక్కన నిలబడ్డవాళ్లలో ఒకరు చేయి పట్టి చూపించారు.

ఆ రోజు చేతిలో ఉన్న చిన్న ప్రార్థన పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అరచేతిలో ఇమిడిపోయేంతది. అంచుల్లో తండ్రికి ఒక మాట, టవర్ అధికారి జాన్ బ్రిడ్జెస్‌కు ఒక మాట రాసింది. బ్రిడ్జెస్‌కు రాసిన మాట బైబిల్లో ప్రసంగి గ్రంథంలోది: పుట్టడానికి ఒక కాలం, చావడానికి ఒక కాలం, పుట్టినరోజు కంటే చావు రోజే మేలు. కింద సంతకం ‘జేన్ డడ్లీ’. ఈసారి రాణి అని రాసుకోలేదు. తండ్రిని పదకొండు రోజుల తర్వాత నరికారు.

ఇప్పుడు సినిమాలు, బొమ్మల సంగతికి వద్దాం.

ఆమె పేరు చెప్పగానే ఎవరికైనా మెదిలేది ఒక పెయింటింగ్. ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ డెలరోష్ 1833లో వేసింది. లండన్ నేషనల్ గ్యాలరీలో గోడ నిండుగా ఉంటుంది. తెల్లటి సిల్కు గౌనులో, కళ్లకు గంతలతో, చేయి చాచి మొద్దు కోసం తడుముకుంటున్న జేన్. పక్కన వంగి చేయి పట్టిన ముసలాయన, కింద పరిచిన గడ్డి. కళ్ల గంతలు, చేయి తడుముకోవడం, ఒకరు చేయి పట్టి చూపించడం నిజమే. తెల్ల బట్టలు, చీకటి గది రెండూ కల్పన, జరిగింది బయట, పగటివేళ. సొంత రాణినే గిలెటిన్ ఎక్కించిన జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న పారిస్ కోసం వేసిన బొమ్మ అది. ఎక్కడ చూపిస్తే కళ్లు చెమరుస్తాయో అతనికి తెలుసు. తమాషా ఏమిటంటే 1928 థేమ్స్ వరదల్లో ఈ బొమ్మ నాశనమైపోయిందనే చాలాకాలం అనుకున్నారు. 1973లో చుట్టచుట్టి పడి ఉండగా దొరికింది. ఇప్పుడు ఆ గ్యాలరీలో జనం ఎక్కువగా ఆగి చూసే బొమ్మల్లో అదొకటి.

ఆమె అసలు ముఖం ఎలా ఉంటుందంటే, ప్రాణంతో ఉండగా వేసిందని అందరూ ఒప్పుకునే చిత్రం ఒక్కటీ లేదు. నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో జేన్‌ది అని దశాబ్దాలు చెప్పుకున్న నిలువెత్తు చిత్రం 1990లలో ఎనిమిదో హెన్రీ చివరి భార్య కేథరిన్ పార్‌దని తేలింది. నవలల్లో చదివే ఉంటారు, పొట్టిగా, ఎర్ర జుట్టు, ముఖం మీద మచ్చలు, ఎత్తు కనిపించడానికి మడమల చెప్పులు వేసుకుని టవర్‌లోకి నడిచింది అని. ఒక ఇటాలియన్ వర్తకుడు కళ్లారా చూసి రాశాడని చెప్పే ఆ వర్ణన 1909లో వచ్చిన జీవితచరిత్ర కంటే ముందు ఎక్కడా కనబడదు. కల్పితమని పరిశోధకులు ఇప్పుడు దాదాపు తేల్చేశారు. అయినా వందేళ్లుగా అందరూ దాన్నే కాపీ కొడుతున్నారు.

తల్లిదండ్రులు కొట్టి హింసించారన్న కథలోనూ జాగ్రత్త అవసరం. దీనికి మూలం రోజర్ ఆస్కమ్ అనే పండితుడు. 1550లో లెస్టర్‌షైర్‌లోని బ్రాడ్‌గేట్‌లో వాళ్లింటికి వెళితే అందరూ వేటకు పోయారు, జేన్ ఒక్కతే కూర్చుని ప్లేటోను గ్రీకులో చదువుతోంది. ఎందుకమ్మా అంటే, అమ్మానాన్నల ముందు ఏం చేసినా గిల్లుళ్లు, మొట్టికాయలే, మాస్టారు మాత్రం ప్రేమగా చెప్తారు, అందుకే నాకు చదువే సంతోషం అందట. బాగుంది. కానీ ఆస్కమ్ ఈ మాట రాసింది చాలా ఏళ్ల తర్వాత, పిల్లల్ని కొట్టకుండా చదువు చెప్పాలని వాదించే పుస్తకంలో. అప్పట్లో రాసిన ఉత్తరాల్లో గ్రీకు పుస్తకం సంగతి ఉంది, దెబ్బల సంగతి లేదు. కఠినంగా పెంచి ఉంటారు, ఆ కాలంలో అందరూ అంతే. సినిమాల్లో చూపే రాక్షస తల్లికి మాత్రం గట్టి ఆధారం లేదు.

1986లో హెలెనా బోనమ్ కార్టర్ చేసిన ‘లేడీ జేన్’ సినిమా చాలామందికి ఇష్టం. అందులో జేన్, గిల్‌ఫర్డ్ గాఢంగా ప్రేమించుకుని, పేదల కోసం సంస్కరణలు తేవాలని కలలు కంటారు. చూడటానికి బాగుంటుంది, ఆధారం మాత్రం సున్నా. పైన చెప్పిన కిరీటం గొడవ గుర్తు తెచ్చుకోండి. ఇక మీరు చూసిన సిరీస్‌లో మనుషులు జంతువులుగా మారిపోతారు, గిల్‌ఫర్డ్ గుర్రమవుతాడు. అది చరిత్ర అని వాళ్లూ చెప్పుకోలేదు. ఒక్క సీజన్‌తో ఆపేశారు. నిజం చెప్పాలంటే నాకు దానిమీద పెద్దగా కోపం లేదు. అందులోని జేన్ ఎదురు మాట్లాడుతుంది, ఎవరి మాటా వినదు. ఏడుస్తూ మొద్దు కోసం తడుముకునే తెల్ల గౌను పిల్ల కంటే ఆ గయ్యాళి జేనే అసలు మనిషికి దగ్గరగా ఉంది.

లండన్ వచ్చే పని ఉంటే రెండు మాటలు. పెయింటింగ్ చూడటానికి టికెట్ అక్కర్లేదు, నేషనల్ గ్యాలరీ ఉచితం. టవర్‌కు టికెట్ ఉంది, ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. పచ్చిక దగ్గర గాజు దిండు ఉన్న స్మారకం కనిపిస్తుంది, అది 2006లో పెట్టింది. సరిగ్గా అక్కడే నరికారని అనుకోవద్దు. పాత వృత్తాంతం వేదిక వైట్ టవర్ (కోట మధ్యలోని పెద్ద బురుజు) ఎదురుగా ఉందంటుంది. పక్కనే ఉన్న సెయింట్ పీటర్ చర్చిలో ఆమెను పాతిపెట్టారు. అన్నిటికంటే ముఖ్యం, బీచమ్ టవర్ మెట్లెక్కడం మానొద్దు. గిల్‌ఫర్డ్‌నూ అన్నదమ్ములనూ బంధించింది అక్కడే. గోడల నిండా ఖైదీలు చెక్కిన రాతలుంటాయి, వాటిలో ‘ఐ ఏ ఎన్ ఈ’ అనే నాలుగు అక్షరాలు వెతకండి. ఆ రోజుల్లో జేన్ పేరును అలాగే రాసేవాళ్లు. గిల్‌ఫర్డే చెక్కాడని చెప్తారు, అన్నదమ్ముల్లో ఎవరైనా అయ్యుండొచ్చు. మెట్లు ఇరుకు, పెద్దవాళ్లు ఉంటే కింద బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్లండి. కోహినూర్ క్యూ మధ్యాహ్నానికి పెరిగిపోతుంది కాబట్టి పొద్దున్నే అది ముగించుకుని ఇటు రావడం మంచిది.